నడిమివాడ విశ్వవిద్యాలయంలో తప్పుల నిషేధం

నడిమివాడ విశ్వవిద్యాలయంలో తప్పులు చేయడాన్ని నిషేధించిన ఉదయం, ప్రొఫెసర్ చెరుకుమిల్లి భానుమూర్తి గారు బోర్డు మీద ఒక తప్పు రాస్తున్నారు. పొరపాటున కాదు, కావాలనే రాస్తున్నారు.

ఇరవై ఏడేళ్ళుగా ఆయన మొదటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ ఇలాగే మొదలుపెడుతున్నారు. ఒకటి నుంచి పది దాకా అంకెలు కూడే చిన్న ప్రోగ్రాము, ఆరు లైన్లు రాస్తారు. సుద్దముక్క జేబులో వేసుకుని అదే జేబులోంచి వేరుశనగ చిక్కీ తీస్తారు. "ఇందులో ఒక తప్పుందర్రా. ఎవరు పట్టుకుంటే ఇది వాళ్ళది" అంటారు. అప్పటిదాకా కంప్యూటరంటే బెదురుగా కూచున్న అరవై మంది పిల్లలూ బెంచీల మీంచి ముందుకు వంగుతారు. చిక్కీకి సుద్దపొడి అంటుకునే ఉంటుంది. అయినా ఇంతవరకు ఎవరూ వద్దనలేదు.

ఆయన పరిశోధన కూడా తప్పుల మీదే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ప్రోగ్రాములో ఎక్కడ తడబడతారు, ఎందుకు తడబడతారు అన్నదే ఆయన జీవితకాలపు చదువు. ఇంట్లో ముప్పై ఒక్క ఆకుపచ్చ నోటుపుస్తకాలున్నాయి. వాటిల్లో పదకొండు వేల తప్పులు తేదీలతో సహా భద్రంగా ఉన్నాయి. 'తాళ్ళరేవు అబ్బాయి ఆగాల్సిన చోటు రాయడం మరిచాడు. కంప్యూటరు లెక్కపెడుతూనే ఉంది. అబ్బాయి కంగారుపడలేదు, భోజనానికి వెళ్ళొచ్చాడు' అని ఒకచోట ఉంటుంది. ఇతరులు వారపత్రికల్లో సీరియళ్ళు చదివినట్టు ఆయన వాటిని తీసి చదువుకుంటూ ఉంటారు.

ఆ ఉదయం చిక్కీ ఇంకా జేబులో ఉండగానే లాబ్ అటెండరు వీర్రాజు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయ్, సార్, ఇది చదివి సంతకం పెట్టమన్నారండి. బోర్డు మీద తప్పులేమన్నా ఉంటే చెరిపించి రమ్మన్నారండి."

ఉపకులపతి ఆచార్య రంగనాయకులు గారు స్వతహాగా భూగర్భశాస్త్రజ్ఞుడు, మంచివాడు. రాళ్ళ పనిలో ఉన్నంతకాలం ఆయన వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. పదవిలోకి వచ్చాక రాయి ముట్టుకోవడం మానేశారు, ఫైళ్ళు ముట్టుకోవడం మొదలుపెట్టారు. పోయిన నెల సముద్రపు ఒడ్డున ఓ హోటల్లో నాయకత్వ శిబిరం జరిగితే వెళ్ళారు. అక్కడ బోల్టులు తయారుచేసే పెద్దమనిషి ఒకాయన, తన ఫ్యాక్టరీలో పదేళ్ళుగా ఒక్క బోల్టు కూడా వంకరపోలేదని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. బోల్టే వంకరపోకుండా ఉండగలిగినప్పుడు విద్యార్థి ఎందుకు పోవాలని రంగనాయకులు గారికి తోచింది. తిరుగు ప్రయాణంలో కారు తుని దాటేసరికి సర్క్యులర్ మనసులో తయారైపోయింది.

దాన్ని కాగితం మీద పెట్టింది రిజిస్ట్రారు శేషావతారం గారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగేటప్పుడు కూడా ఉత్తర్వు భాషలోనే అడుగుతారని ప్రతీతి.

'నడిమివాడ విశ్వవిద్యాలయమును శూన్యదోష విశ్వవిద్యాలయముగా ఇందుమూలముగా ప్రకటించడమైనది. నేటినుండి ప్రాంగణమందు జరుగు ప్రతి దోషమును దోషపట్టికయందు నమోదు చేయవలెను. మూడు దోషములు చేసిన అధ్యాపకుని బోధన విధులనుండి తక్షణము తప్పించవలెను. ఒప్పుకొను వ్యక్తి లేని యెడల అట్టి దోషము జరగనట్లే భావించవలెను. ఒప్పుకొనిన యెడల, సదరు వ్యక్తి తన దోషమును ఉపకులపతివారికి అర్థమగునట్లు వివరించి, అర్థమైనట్లు వారి సంతకము పొందిన పిమ్మటే దిద్దవలెను.'

భానుమూర్తి గారు చదివి సంతకం పెట్టారు. బోర్డు మాత్రం చెరపలేదు. వెనక బెంచీలో చెయ్యెత్తిన పిల్లవాడికి చిక్కీ ఇచ్చారు. అలా ఆయన ఖాతాలో మొదటి దోషం పడింది.

వారం తిరిగేసరికి శాఖలవారీ లెక్కలు వచ్చాయి. సంస్కృతం సున్నా. చరిత్ర సున్నా, జరిగిపోయినదాంట్లో తప్పులు పట్టడం తమ పని కాదన్నారు వాళ్ళు. కంప్యూటర్ శాఖ నలభై ఒక్క వేల ఆరువందల పన్నెండు. పిల్లలు లాబులో ప్రోగ్రాము నడిపినప్పుడల్లా తెర మీద వచ్చే ఎర్ర లైన్లన్నిటినీ వీర్రాజు ఒక్కొక్కటే లెక్కపెట్టి పట్టికలో ఎక్కించాడు పాపం.

శేషావతారం గారు అత్యవసర సమావేశం పిలిచారు.

"పట్టికను సమగ్రముగా పరిశీలించడమైనది. దోషములలో సింహభాగము సెమికోలన్ల కొరతవలన సంభవించినవి. ప్రొఫెసర్ గారూ, మీ శాఖలో సెమికోలన్లు చాలనప్పుడు స్టోర్సుకు ముందుగా ఎందుకు రాయలేదు?"

"సెమికోలన్ అంటే లైను చివర పెట్టే గుర్తండి. చుక్క, దాని కింద కామా. కీబోర్డు మీదే ఉంటుంది. ఎన్ని కావాలంటే అన్ని వస్తాయి."

"ఎన్ని కావాలంటే అన్ని వస్తూండగా కొరత ఎట్లా ఏర్పడింది? విద్యార్థులు ఇళ్ళకు తీసుకుపోతున్నారా?"

భానుమూర్తి గారు నవ్వు ఆపుకోవడానికి బల్ల కింద తన తొడ తనే గిల్లుకున్నారు. సెమికోలన్ల విషయమై త్రిసభ్య సంఘం వేశారు. నెల్లాళ్ళ తర్వాత, ప్రతి విద్యార్థీ రోజుకు చాలినన్ని సెమికోలన్లు ఎవరివి వాళ్ళే వెంట తెచ్చుకోవాలని సంఘం సిఫారసు చేసింది. గేటు దగ్గర కాపలావాడు మూడు రోజులపాటు పిల్లల సంచులు వెతికి, ఎవరూ తేవడం లేదని నివేదిక పంపాడు.

అప్పుడే ఎవరో ఆకుపచ్చ నోటుపుస్తకాల సంగతి రిజిస్ట్రారు చెవిన వేశారు. పదకొండు వేల తప్పులు ఒకే ఇంట్లో ఉన్నాయని వినగానే ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. 'పరిశోధన నిమిత్తము దోషములను నిల్వ యుంచుట' అన్న అభియోగం మీద మెమో వచ్చింది. ఉపకులపతి గారు మంచివాడు కనక పదకొండు వేలనూ కలిపి ఒకటిగా లెక్కేశారు. భానుమూర్తి గారి ఖాతాలో అది రెండో దోషం.

"ఇంకొక్కటైతే సార్‌కి క్లాసు తీసేస్తారంటండి" అని వీర్రాజు వరండాలో పిల్లలకు చెప్పాడు. ఆ మాట భానుమూర్తి గారి చెవినా పడింది. ప్రమోషన్లు ఆగినా, గ్రాంట్లు ఆగినా ఆయన ఏనాడూ దిగులుపడలేదు. కానీ ఆ మొదటి క్లాసు లేని జూన్ నెల ఎలా ఉంటుందో ఊహించుకోబోయి మానేశారు.

తప్పులు మాత్రం తగ్గడం లేదు. చివరికి శేషావతారం గారే మార్గం కనిపెట్టారు. ఇకమీదట ఏ ప్రోగ్రామైనా నడపాలంటే రన్ అనుమతి పత్రం మూడు ప్రతుల్లో ఇవ్వాలి. దాని అడుగున శాఖాధిపతి, 'ఇందు దోషములు లేవని నడిపి చూసి ధ్రువీకరించుచున్నాను' అని సంతకం పెట్టాలి.

"నడిపి చూడాలంటే అనుమతి కావాలి కదండీ. అనుమతి కావాలంటే నడిపి చూసి ఉండాలి" అన్నారు భానుమూర్తి గారు.

"అదే ఇందలి పటిష్ఠత" అన్నారు శేషావతారం గారు, ప్రసన్నంగా.

ఆ రోజునుంచి నడిమివాడలో ఒక్క ప్రోగ్రామూ నడవలేదు. ఒక్క ఎర్ర లైనూ రాలేదు. దోషపట్టికలో వరసగా సున్నాలు పడుతుంటే ఉపకులపతి గారికి కాళ్ళు నేల మీద ఆనలేదు. పనిలేని కంప్యూటర్లకు నీలం రంగు గుడ్డతో ముసుగులు కుట్టించారు. పిల్లలు ప్రోగ్రాములన్నీ రికార్డు పుస్తకాల్లో చేత్తో రాశారు. మార్జిన్లు గీసి, ముఖ్యమైన మాటల కింద ఆకుపచ్చ సిరాతో గీతలు పెట్టి, ఎడమవైపు పేజీలో రావలసిన జవాబు కూడా తామే రాసేసుకున్నారు. కంప్యూటరు చేసే పని అంతా అయిపోయాక ఇక కంప్యూటరుతో పనేముంది?

యువజనోత్సవాల్లో ప్రోగ్రాముల కంఠస్థ పోటీ పెట్టారు. రెండో ఏడాది అమ్మాయి, వంద అంకెల్ని చిన్నా పెద్దా వరసలో పేర్చే ప్రోగ్రామును మోహన రాగంలో పాడి మొదటి బహుమతి కొట్టేసింది. ప్రతి సెమికోలన్ దగ్గరా మృదంగం వాయించారు. సభికులు కళ్ళు తుడుచుకున్నారు. 'మరి ఇది పనిచేస్తుందా?' అని వెనకనుంచి ఎవరో అడిగితే, పక్కనున్నవాళ్ళు అతన్ని ఇష్ష్ అని కసురుకున్నారు.

విశ్వవిద్యాలయం గేటుకి ఎదురుగా, ప్రహరీగోడకి అవతల, ఒక జిరాక్స్ కొట్టు ఉంది. అందులో ఒక పాత కంప్యూటరు ఉంది. సాయంత్రం నాలుగున్నరకి భానుమూర్తి గారు అక్కడ స్టూలేసుకుని కూచునేవారు. పిల్లలు రోడ్డు దాటి వచ్చి, మనసు తీరా తప్పులు చేసుకుని వెళ్ళేవారు. వాళ్ళను వరసలో నిలబెట్టే పని ఆఖరి ఏడాది అమ్మాయి రమీజా చూసుకునేది. నాలుగేళ్ళ క్రితం మొదటి క్లాసులో చిక్కీ గెలుచుకున్నది ఆమే. తునిలో వాళ్ళ నాన్నది తమలపాకుల వ్యాపారం. విశాఖలో ఓ కంపెనీ ఆమెను ఉద్యోగానికి ఎంపిక చేసుకుంది. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం అయిదులోపల మార్కుల పత్రం పంపాలి, లేకపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు.

"పాసవుతావా?" అని అడిగారు భానుమూర్తి గారు ఒకరోజు.

"అదేం మాటండి సార్! ఆ పేపర్లో ఉన్న తప్పులు కూడా దిద్ది మరీ రాశాను" అంది రమీజా.

ఫలితాల రోజు పెద్ద పండగే చేశారు. అఖిల భారత దోషరహిత సంస్థల సమాఖ్య అధ్యక్షుడు బంగారు రంగు కప్పు పట్టుకుని వచ్చాడు. ఆడిటోరియం నిండిపోయింది. వేదిక మీద పెద్ద తెర కట్టారు. ఎనిమిది వేల నాలుగువందల పన్నెండు మంది ఫలితాలను ఉపకులపతి గారు ఒక్క మీటతో విడుదల చేస్తారు. పరీక్షల విభాగంవాళ్ళు రాసిన ఆ ప్రోగ్రామును అంతకుముందు ఎవరూ నడిపి చూడలేదు. నడిపితే తప్పు రావచ్చు కదా! దస్తూరి ముత్యాల్లా ఉందని చూసి, ఉపకులపతి గారు ప్రత్యేకాధికారంతో ధ్రువీకరించారు.

సరిగ్గా పదకొండు గంటలకి మీట నొక్కారు. తెర మీద మొదటి నంబరు, ఎదురుగా 'గైర్హాజరు'. రెండో నంబరు, గైర్హాజరు. మూడోది గైర్హాజరు. ఎనిమిది వేల నాలుగువందల పన్నెండు గైర్హాజర్లు గోదారి వరదలాగా పైకి పోతూనే ఉన్నాయి. హాలంతా నోరెళ్ళబెట్టింది.

శేషావతారం గారు మైకు ముందుకి వచ్చారు. "సభయందున్న విద్యార్థులకు తెలియజేయడమేమనగా, మీరెవరూ పరీక్షలకు హాజరు కాలేదు."

"నేను రాశానండీ! మూడు అడిషనల్ షీట్లు తీసుకున్నానండీ!" అని ఒక కుర్రాడు లేచాడు.

"ప్రోగ్రాము దోషరహితమని ధ్రువపత్రము కలదు. మీరు హాజరైనట్లు ఏ ధ్రువపత్రము కలదు?"

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. ఖాళీ గదుల్లో మూడేసి గంటలు ఎవరికి కాపలా కాశారో చెప్పాలని ఇన్విజిలేటర్లకు అక్కడికక్కడే మెమోలు ఇచ్చారు. జవాబు పత్రాల కట్టలున్న గదికి 'రానివారు రాసినవి' అని చీటీ అంటించి సీలు వేశారు. గైర్హాజరైనవాళ్ళు సభలో కూచోవడం పద్ధతి కాదు కాబట్టి పిల్లలందరినీ లేచి బయటికి వెళ్ళమన్నారు. ఖాళీ కుర్చీల ఎదుట సమాఖ్య అధ్యక్షుడు కప్పు పట్టుకుని, ఇవ్వాలో వద్దో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

రమీజా గుమ్మం దగ్గర భానుమూర్తి గారి పక్కకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల గోడ గడియారం వైపు చూసిందంతే.

భానుమూర్తి గారు తెర వైపే చూస్తున్నారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి, సమయం సందర్భం లేకుండా. మొదటి నంబరు కుర్రాడు పెళ్ళి చేసుకుని చదువు మానేశాడని ఆయనకు తెలుసు. అతనొక్కడే నిజంగా గైర్హాజరు. తెర మీద నంబర్లు మారుతున్నాయి గాని, అతని వివరం చదివాక తర్వాతివాళ్ళ వివరానికి వెళ్ళమని చెప్పే లైను మరిచిపోయారు. అందుకని కంప్యూటరు ఆ పెళ్ళికొడుకునే ఎనిమిది వేలసార్లు చదివింది. ఒక్క లైను చాలు. కానీ దిద్దాలంటే ముందు తప్పుండాలి. తప్పుండాలంటే ఒప్పుకునే మనిషి ఉండాలి. పరీక్షల విభాగంవాళ్ళు అప్పటికే బల్లల కింద చెప్పులు వెతుక్కుంటున్నారు.

బోర్డూ, ఆరు లైన్లూ, ముందుకు వంగే అరవై తలకాయలూ ఒక్కసారి ఆయన కళ్ళ ముందు తిరిగాయి. అయినా వేదిక మెట్లెక్కారు.

"ఆ తప్పు నాదండి."

"ఆ ప్రోగ్రాము రాసినది మీరు కాదే!" అన్నారు శేషావతారం గారు.

"రాయలేదండి. ఒప్పుకుంటున్నాను. రాసినవాడే ఒప్పుకోవాలని సర్క్యులర్లో ఎక్కడా లేదు."

శేషావతారం గారు సర్క్యులర్ రెండుసార్లు చదివారు. నిజంగానే లేదు. తప్పు వ్యక్తిది అయ్యింది కనక సంస్థ దోషరహితంగానే మిగిలింది. కప్పు చేతులు మారింది. రెండు గంటలకి భానుమూర్తి గారిని ఉపకులపతి గదిలోకి పిలిచారు.

"అర్థమయ్యేట్టు చెప్పాలి. అర్థం కాకపోతే సంతకం పెట్టను" అన్నారు రంగనాయకులు గారు బింకంగా. బల్ల మీద సంతకాల కోసం అయిదు ఫైళ్ళు వరసగా ఉన్నాయి.

"తమరే కంప్యూటరు అనుకోండి సార్. నేను రాసింది రాసినట్టు చేయాలి, సొంత తెలివి వాడకూడదు."

"అది నాకు అలవాటే."

భానుమూర్తి గారు కాగితం మీద రాసిచ్చారు. మొదటి ఫైలు దగ్గర మొదలుపెట్టండి. సంతకం పెట్టండి. మళ్ళీ 'సంతకం పెట్టండి' అన్న లైనుకు వెళ్ళండి. రంగనాయకులు గారు సంతకం పెట్టారు. మళ్ళీ పెట్టారు. ఒకే ఫైలు మీద నాలుగో సంతకం సగంలో కలం ఆగింది.

"ఇదేంటయ్యా, ఇక్కడే ఉండిపోయాను! పక్క ఫైలుకి పొమ్మని చెప్పలేదే మీరు!"

"అదేనండి పొద్దున్న జరిగింది."

ఉపకులపతి గారు తల పంకించారు. భానుమూర్తి గారు 'తర్వాతి ఫైలుకు వెళ్ళండి' అన్న లైను కలిపి కాగితం మళ్ళీ ఇచ్చారు. ఈసారి కలం హుషారుగా పరిగెత్తింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోసారి ఫైలు లేదు. కలం బల్ల అద్దం మీద వాలి, ఆచార్య రంగ... దాకా రాసి ఆగిపోయింది.

"ఆగండాగండి" అన్నారాయన కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని. తర్వాత కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఎప్పుడు ఆపాలో రాయలేదు! ఇదిగో, ఇక్కడ రాయాలి! తప్పుంది! తప్పుందయ్యా దీంట్లో!"

రాళ్ళు పగలగొట్టి లోపలి గీతలు చూసి గంతులేసిన రోజులు పోయాక, ఆయన మొహంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు. భానుమూర్తి గారు జేబులో చెయ్యి పెట్టి, సుద్దపొడి అంటిన చిక్కీ తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమిటిది?"

"పట్టుకున్నవాళ్ళకి ఇస్తానండి. ఇరవై ఏడేళ్ళ అలవాటు."

"ప్రభూ, ఇది నాలుగో దోషము. కావాలని చేసినది" అని మూలనుంచి శేషావతారం గారు కలం తీశారు.

ఉపకులపతి గారి నోట్లో అప్పటికే చిక్కీ ఉంది. వద్దన్నట్టు చెయ్యి మాత్రం ఊపారు. ముందు అర్థమైనట్టు సంతకం పెట్టి, తర్వాత రెండు వేళ్ళు నాక్కుని, "ఇంకోటి రాసివ్వండి" అన్నారు.

మూడుంబావుకి లైను చేర్చారు. మూడున్నరకి ఫలితాలు వచ్చాయి. నాలుగుంబావుకి రమీజా మార్కుల పత్రం విశాఖ చేరింది. ఆ అమ్మాయి జిరాక్స్ కొట్టు ముందు అరిచిన అరుపుకి ఆవలి వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి.

కానీ మూడు దోషాలు మూడు దోషాలే. మర్నాడు ఉదయం భానుమూర్తి గారు కొత్తగా చేరిన పిల్లల మొదటి క్లాసుకు వెళ్ళారు, ఉత్తర్వు అందేదాకా పాఠం చెప్పొచ్చని. సుద్దముక్క తీసి ఆరు లైన్లు రాశారు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో వీర్రాజు.

"ఆయ్, సార్, వచ్చేసిందండి" అన్నాడు దిగులుగా. "ఉపకులపతి అయ్యగారే స్వయంగా రాసి టైపుకిచ్చారంటండి. రిజిస్ట్రారు గారు చదివి, ఇందులో ఏదో ఉందని పరిగెత్తుకెళ్ళారండి. 'తప్పా? ఎవరు ఒప్పుకుంటున్నారు, మీరా?' అనడిగారంట అయ్యగారు. రిజిస్ట్రారు గారు వెంటనే ముద్ర గుద్దేశారండి. లాబులో ముసుగులు కూడా తీయించేశారండి, ఉతకడానికని రాయించి."

భానుమూర్తి గారు కాగితం అందుకున్నారు. 'మూడు దోషములు చేసిన కారణముగా ప్రొఫెసర్ చెరుకుమిల్లి భానుమూర్తి గారిని వృక్షశాస్త్ర బోధన విధులనుండి తక్షణము శాశ్వతముగా తప్పించడమైనది.' ఆయన పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ వృక్షశాస్త్రం చెప్పలేదు. సంతకం పక్కన బెల్లంపాకం అంటిన బొటనవేలి ముద్ర జిగటగా మెరుస్తోంది.

ఆయన ఉత్తర్వును రెండోసారి చదివారు. క్లాసులో అరవై మందీ ముందుకు వంగి చూస్తున్నారు. జేబులోంచి చిక్కీ తీశారు. తప్పు ఎవరు పట్టుకుంటే అది వాళ్ళది. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి, పిల్లలందరూ చూస్తుండగా, ఆ చిక్కీ ఆయనే తినేశారు.